వెల్లుల్లి వియ్యం

భీమవరం,
సోమవారం.

చిరంజీవి బుజ్జిబాబుకు బావ అబ్బాయిరాజు దీవెనలు.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వకు. ఫోను స్పీకర్లో పెడితేగాని నాకు వినపడదు, పెడితే వంటింట్లో ఉన్న మీ అక్క నీలవేణికీ వినపడుతుంది. ఇది తన చెవిన పడకూడని మాట.

రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టరుగారు మాత్ర రాశారు, వేసుకుంటున్నాను. అది చాలదని మీ అక్క ఏదో వీడియో చూసి నా మీద వెల్లుల్లి ప్రయోగం మొదలెట్టింది. పరగడుపున పచ్చి రెబ్బలు, మధ్యాహ్నం చారులో, రాత్రి మజ్జిగలో. రొయ్యల చెరువు గట్టు మీద పనివాళ్ళు గాలివాటం చూసుకుని మరీ నాతో మాట్లాడుతున్నారు.

వచ్చే ఆదివారం నరసాపురం నుంచి పిల్లాడి తండ్రి పెదబాబుగారు మన అమ్మాయి మంజుష సంబంధం ఖాయం చేసుకోవడానికి వస్తున్నారు. పిల్లా పిల్లాడూ ఎప్పుడో ఇష్టపడ్డారు. ఇక పెద్దవాళ్ళు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడమే మిగిలింది. ఆ కూర్చోవలసింది నేను. రాజమండ్రిలో నీ మందుల షాపులో వాసన రాని వెల్లుల్లి క్యాప్సూల్స్ ఉంటాయట కదా, ఒక సీసా పంపు. పచ్చిదాంట్లోనే గుణమంతా ఉందని మీ అక్క వాదన, కాబట్టి రహస్యంగా పంపు.

ఇట్లు,
ఊపిరి బిగబట్టిన నీ బావ.

తా.క. పచ్చి రెబ్బలు కొన్ని కిటికీలోంచి పారేస్తున్నాను. అవి మొలకలెత్తాయి. మీ అక్క రోజూ వాటికి నీళ్ళు పోస్తోంది.

రాజమండ్రి,
బుధవారం.

పూజ్యులైన బావగారికి బుజ్జిబాబు నమస్కారాలు.

సీసా బస్సు పార్శిల్లో వేశాను. భోజనమయ్యాక రోజుకొకటి వేసుకోండి. డాక్టరుగారి మాత్ర మాత్రం మానకండి. వెల్లుల్లి కొలెస్ట్రాల్‌నీ బీపీనీ తగ్గిస్తే కాస్త తగ్గించవచ్చు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, పన్ను పీకించుకోవాలన్నా ముందు డాక్టరుగారికి చెప్పాలి. ఇది కూడా రక్తాన్ని త్వరగా గడ్డకట్టనివ్వదు. మిగతా సంగతులు సీసా మీద ఉన్నాయి, దయచేసి చదవండి.

పెదబాబుగారి ముందు మీ పరువుకి నాదీ పూచీ.

ఇట్లు,
మీ విధేయుడు బుజ్జిబాబు.

తా.క. అక్క ఆ వీడియో నాకూ పంపింది. కీళ్ళనొప్పికీ మతిమరుపుకీ బట్టతలకీ వెల్లుల్లేనట. చెప్పేవాడిది బట్టతల.

భీమవరం,
ఆదివారం సాయంత్రం.

బుజ్జిబాబుకు బావ రాయునది. దీవెనల సంగతి తరువాత చూద్దాం.

సంబంధం చెడింది. అంతా నీ సీసా పుణ్యం. పెదబాబుగారు గుమ్మంలో అడుగుపెడుతూనే ఆగిపోయి, రుమాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. సోఫాలో నా పక్కన చోటు చూపిస్తే, తలుపు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఏమడిగినా తలాడించడమే. ముహూర్తం మాటెత్తితే కిటికీవైపు చూశారు. భోజనానికి లేవమంటే ఒంట్లో బాగాలేదన్నట్టు చెయ్యి ఊపి కారెక్కేశారు. మీ అక్క వండిన రొయ్యల ఇగురు అలాగే ఉండిపోయింది.

మంజుష గదిలోంచి బయటికి రాలేదు. తలుపు తడదామని రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చాను. కానీ నా పక్కన కూర్చోడానికే రోతపడే ఇంటికి పిల్లనెలా ఇస్తాను? శుక్రవారం మంచిరోజట, ఆ రోజే వద్దని కబురు పెడుతున్నాను.

ఇట్లు,
నీ బావ.

తా.క. వాడకంలో నా తప్పేమీ లేదు. రోజుకొకటన్నావు, అది షాపులో కూర్చుని చెప్పే లెక్క. రొయ్యల మేతలో కిలోకింతని వెల్లుల్లి కలిపేవాడిని, నాకు తెలియదా? నేను తినే అన్నానికి ఆ లెక్కన గుప్పెడు పడ్డాయి. చిదిపి, పెరుగన్నంలో పిసికి, మందు జారిపోకుండా మేతకు పట్టించినట్టే చేపనూనె కూడా పట్టించాను.

రాజమండ్రి,
మంగళవారం.

బావగారికి నమస్కారాలు.

మీ తా.క. చదివి, బేరాలు ఆపి మరీ ఇది రాస్తున్నాను. ఆ క్యాప్సూల్ చిదిపేది కాదండి, నీళ్ళతో మింగేది. పైపొర పెట్టిందే వాసన బయటికి రాకుండా. గుప్పెళ్ళతో తింటే కడుపులో మంట, పైగా రక్తం పలచబడుతుంది. ఇవాళే ఆపేసి డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పండి, చేపనూనెతో సహా.

శుక్రవారం కబురు మాత్రం పెట్టకండి. మంజుష ఫోను చేసింది. ఏడుస్తూ ఒక్క మాటే అంది: "నాన్నగారు మంచివారే మావయ్యా, ఆ వాసనే."

రేపు నేనే నరసాపురం వెళ్ళి, జరిగింది చెప్పి కాళ్ళావేళ్ళా పడతాను.

ఇట్లు,
బుజ్జిబాబు.

తా.క. రొయ్యలకు పాపం వియ్యంకులుండరు.

నరసాపురం,
బుధవారం.

బావగారికి నమస్కారాలు. ఇది భీమవరం బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను, కూర్చుని చదవండి.

పెదబాబుగారు రుమాలుతోనే తలుపు తీశారు. నేను క్షమాపణ మొదలుపెట్టేలోగా నా చేతులు పట్టేసుకున్నారు. ఆయనకు బీపీ. నెలరోజులుగా వాళ్ళావిడ పరగడుపున పచ్చి వెల్లుల్లి తినిపిస్తోంది. ఆదివారం కూడా తినే బయల్దేరారు. మీ గుమ్మంలోకి రాగానే గుప్పున కొట్టిన ఆ వాసనంతా తనదేననుకున్నారు. రుమాలు పెట్టుకున్నది ముక్కుకి కాదు, నోటికి. దూరంగా కూర్చున్నదీ, పలకనిదీ, భోజనానికి ఆగనిదీ ఆ సిగ్గుతోనే.

"మావాడికి ఆ అమ్మాయంటే ప్రాణమండి. నా నోటి కంపుతో వాడి పెళ్ళి చెడగొట్టాను. అబ్బాయిరాజుగారు ఎంత పెద్దమనిషండి, అంత వాసనలోనూ మొహం చిట్లించలేదు" అన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకూ ఆగలేదు.

నిజం చెప్పాలనే వెళ్ళాను. మిమ్మల్ని అంత గొప్పగా పొగిడాక నోరు రాలేదు. శుక్రవారం మీ ఇంటికి వచ్చి, క్షమాపణ అడిగి, ముహూర్తం పెట్టుకుంటారట. పెద్దమనసు చేసుకుని క్షమించేయండి.

ఇట్లు,
మీ బుజ్జిబాబు.

తా.క. క్షమించేటప్పుడు నోరు తెరవకండి. కాస్త దూరంగా కూర్చుని తలాడిస్తే చాలు.