నా పాయింట్ల మీద నా మనవరాలిని పంపవద్దని

నూజివీడు సబ్ కలెక్టరు గారి సముఖమునకు,

ఆగిరిపల్లి మండలం, మామిడి తోటల్లో కాయ సర్దే కూలి పలగాని నాగేంద్రమ్మ రాసుకున్న అర్జీ.

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. అమ్మగారు క్షేమమా. జెండా పండగ నాడు చూసినప్పుడు చిన్నబాబు గారికి దగ్గుగా ఉంది, తగ్గిందా. ఈ ఎండలకి ఐసులు పెట్టనివ్వకండి. తమ డ్రైవరు గారు, గుమ్మం దగ్గర అర్జీలు తీసుకునే మార్టిన్ గారు, ఆయన మోకాళ్ళు, అందరూ బాగుండాలి. మా ఇంట్లో కూతురు, అల్లుడు, మనవరాలు లావణ్య బాగున్నారు. నాకే నిద్ర పట్టడం లేదు. పోయినసారి రాసింది ఉత్తరంలాగా ఉందని, విషయం అని పెట్టి నంబర్లు వేసి తెమ్మని మార్టిన్ గారు తిప్పి పంపారు. వేశాను.

విషయం: నా పేరున ఉన్న విమానం పాయింట్లతో నా మనవరాలు లావణ్యకు తీసిన బిజినెస్ క్లాసు టిక్కెట్టును రద్దు చేయించుట గురించి.

1. మా వైపు తోటలు కౌలుకి పట్టే ప్రేమ్‌చంద్ గారు అప్పుడెప్పుడో కూలీలందరికీ కార్డులు ఇప్పిస్తానని ఆధార్లు తీసుకుని, వేలిముద్రలు వేయించుకున్నారు. మేము లేబరు కార్డు అనుకున్నాము. అవి బ్యాంకు క్రెడిట్ కార్డులంట. నా కార్డు నేను కంటితో చూడలేదు. పురుగు మందులు, ట్రేలు, లారీ డీజిలు అన్నీ మా పేర్ల మీద గీకి, బాకీ మాత్రం ఆయనే కట్టుకుంటారు. గీకినప్పుడల్లా పాయింట్లు పడతాయని, పాయింట్లకి విమానం టిక్కెట్టు వస్తుందని ఈ మధ్యనే ఆయన నోటితోనే చెప్పారు.

"నీ పాయింట్లే నాగేంద్రమ్మా, నీ మనవరాలు నీ సొమ్ము మీదే బిజినెస్ క్లాసులో ఎగురుద్ది" అన్నారు.

"నేను విస్సన్నపేట దాటి ఎరగను, నాకు విమానం పాయింట్లేంటండీ" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

2. గల్ఫులో ఒకరింట్లో పిల్లల్ని చూసే పని అన్నారు. ఏ ఊరని అడిగితే ఒకసారి మస్కట్ అన్నారు, ఇంకోసారి దోహా అన్నారు. "పాయింట్ల సీటు కదమ్మా, ఎటు ఖాళీ దొరికితే అటు" అన్నారు. పని ఉన్న ఊరికి మనిషి పోతుంది గాని, సీటు ఉన్న ఊళ్ళో పని ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియలేదు. పోవడానికే టిక్కెట్టు తీశారు. తిరిగి రావడానికి ఏదండీ అంటే, అప్పటికి మళ్ళీ పాయింట్లు పడతాయిలే అన్నారు. పాస్‌పోర్టు భద్రంగా ఉండాలని ఆయన దగ్గరే పెట్టుకున్నారు.

3. లావణ్య ఫోనులో ఆ సీటు బొమ్మ చూపించింది. కుర్చీ వెనక్కి వాలి మంచం అవుతుంది. దుప్పటి, మెత్తటి దిండు ఇస్తారు. "ఆఫీసర్లు కూర్చునే సీటు అమ్మమ్మా, నువ్వు భయపడి చావకు" అంది. నా కూతురు కూడా "గాలి వేస్తే కాయ రాలుద్దని ఏడుస్తావు, వేయకపోతే పూతకి తేనెమంచు పురుగు పడుద్దని ఏడుస్తావు, నీ భయాలకి అంతు లేదు" అంది. నిజమే. కానీ అయ్యా, నేను ఊహ తెలిసిన దగ్గరనుంచి కాయ సర్దుతున్నాను. అడుగున గడ్డి, పక్కన గడ్డి, పైన గడ్డి వేసి బంగినపల్లి కాయని పసిబిడ్డలాగా పడుకోబెడతాము. అది కాయ సుఖం కోసం కాదు. ఒరిపిడి తగిలితే అవతల దించుకునేవాడు ఒప్పుకోడు. కూలిపిల్లని అంత మెత్తగా పడుకోబెట్టి పంపే దయ ప్రేమ్‌చంద్ గారికి లేదు. మా కోడలు వరస పిల్లకి తోటలో తేలు కుట్టినప్పుడు ఆయన బండి ఇవ్వలేదు.

4. జి. కొండూరు రిబ్కమ్మ కూతురు షాలోమి పోయిన కాయల కాలంలో ఇలాగే, ఆ సీటులోనే వెళ్ళింది. కాళ్ళు చాపుకుని, చేతిలో పళ్ళరసం గ్లాసుతో ఫొటో పంపింది. ఆ ఫొటో తరవాత ఆ పిల్ల గొంతు ఎవరూ వినలేదు. ప్రేమ్‌చంద్ గారిని అడిగితే బిజీగా ఉందంటారు. రిబ్కమ్మ ఆ ఫొటోని పెద్దది చేసి చేసి చూస్తుంది. నాకూ చూపించింది. పిల్ల నవ్వుతూనే ఉంది.

5. పాయింట్లు నావే కాబట్టి టిక్కెట్టు నేనే రద్దు చేయించేస్తానని, ఆగిరిపల్లి సెల్లు షాపు సంతోష్ కుమార్ చేత విమానం వాళ్ళకి ఫోను చేయించాను. పాయింట్లు ఉన్న పేరు నాదే అన్నారు. రద్దు చేయాలంటే ఓటీపీ చెప్పమన్నారు. అది ప్రేమ్‌చంద్ గారి సెల్లుకి పోయింది. నేను షాపు మెట్లు దిగక ముందే ఆయన ఫోను వచ్చింది. "టిక్కెట్టు గురించి ఎవరో అడిగారంట, నువ్వేనా నాగేంద్రమ్మా" అన్నారు. కోపంగా లేదండి. అన్నం తిన్నావా అని అడిగినట్టే అడిగారు.

కావున తమరు దయచేసి నా పాయింట్లతో తీసిన టిక్కెట్టు నా మాట మీద రద్దు చేయించి, పిల్ల పాస్‌పోర్టు మాకు ఇప్పించి, షాలోమి ఎక్కడుందో ఆయన్ని కూర్చోబెట్టి అడగవలెనని వేడుకొనుచున్నాను. షాలోమి బాగుందని తేలితే, నేను పిచ్చిదాన్నని తమరే అందరి ముందూ అనండి, తల వంచుకుని పోతాను. ముసలిదాని చాదస్తమని పక్కన పెట్టకుండా, కడదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పలగాని నాగేంద్రమ్మ

తా.క. నెలాఖరుకి కదా ప్రయాణం అని నిమ్మళంగా రాశానండి. ఇప్పుడే ప్రేమ్‌చంద్ గారు కబురు చేశారు. అంతకంటే ముందు తారీఖుకే సీటు ఖాళీ పడిందంట, ఏ ఊరికో చెప్పలేదు. మార్టిన్ గారిని అడిగితే తమరు క్యాంపులో ఉన్నారని, అర్జీలు సోమవారం పద్దెనిమిదో తారీఖునే చూస్తారని అన్నారు. ప్రేమ్‌చంద్ గారు మా ఇంట్లో భోజనం చేసి, పిల్లని కారులో ఎక్కించుకుని వెళ్తారంట. లావణ్య ఆయన కోసమని చిన్న రసాలు గడ్డిలో ముగ్గవేసింది. నేను వేలితో నొక్కి చూశాను. ఆయన వచ్చే రోజుకి సరిగ్గా పండుతాయి. ఆదివారం, మే పదిహేడు.