ఏకాదశి ఉపవాసమున్న కుక్క

ఆళ్ళగడ్డ,
8 జూన్ 1979

పూజ్యురాలైన శారదక్కకు,

తమ్ముడు జగన్నాథం పాదాలకు మొక్కి రాసే ఉత్తరం. ఇక్కడ నేనూ, నీ మరదలూ, పిల్లలూ బాగున్నాం. బాగాలేనివి ఈ ఊరి పశువులే. అవి కూడా బాగుంటే పశువుల డాక్టరుకు సర్కారు జీతం ఎందుకిస్తుంది? నంద్యాలలో నువ్వు, అబ్బాయి పాండురంగడు, కోడలు శాంతకుమారి, మనవలు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి పడినంత పని అయింది. నీ ఇంట్లో కుక్కా! చిన్నప్పుడు వీధి చివర కుక్క తోక కనబడితే చాలు, రోటి మీదికెక్కి నాయనను కేకలేసేదానివి. అట్లాంటిది ఇప్పుడు "ఇంట్లో ఒక కుక్క ఉండాది, ముసిల్ది, ఏకాదశి నాడు తల తిరిగి కూలబడతాంది, ఏం మందు పెట్టాల్నో బేగా రాయి" అని రాశావు. కాలం మారిందనుకుని సంతోషించాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, విను. మీ ఇంట్లో ఏకాదశి అని కుక్కకు కూడా తిండి మాన్పించావేమో, ఆ పని చేయకు. మామూలుగా కుక్క ఒక పూట తినకపోయినా, ఆడుకుంటూ నీళ్ళు తాగుతూ ఉంటే భయం లేదు. గడ్డి కొరికి కక్కుకున్నా భయం లేదు, అప్పుడప్పుడు అది వాటికి మామూలే. ముసలిదై, పైగా తల తిరిగేదైతే మాత్రం కడుపు మాడ్చకూడదు.

ముక్కు పొడిగా ఉంటే జబ్బని మీ వీధిలో ఎవరైనా అంటే నమ్మకు. ఎండలో పడుకుని లేచినా ముక్కు పొడిగానే ఉంటుంది. చెవులు వాసన చూడు, దుర్వాసన వస్తే లోపల పుండుందని అర్థం. పిడుదులు పట్టి ఉంటే వేళ్ళతో నలపకుండా, చిమటాతో మొదలు దగ్గర పట్టి లాగి, కిరసనాయిల్లో వెయ్యి. పిడుదును వెయ్యమన్నాను, కిరసనాయిలు కుక్కకు పూయమనలేదు. మాకు పాలు పోసే రాములమ్మ ఆ పనే చేసి, పాపం దాని కుక్క వీపంతా బొబ్బలు తెప్పించింది. నేను అరిస్తే "నా మొగునికి దెబ్బ తగిల్నా అదే పూస్తా గదప్పా" అంది. ఆ మొగుడిని తలుచుకుంటే జాలేసింది. ఇంకొకటి, కుక్కకు ఉల్లిపాయ పెట్టకు, దాని రక్తానికి పడదు.

నంద్యాల నుంచి ఇట్లాంటి ఉత్తరం రావడం నాకు కొత్తేమీ కాదు. మీ ఊళ్ళోనే ఒకామె పిల్లికి కూడా సరిగ్గా ఏకాదశి నాడే కళ్ళు తిరిగేవి. పేరు చెప్పను, రోగి గుట్టు. మీ ఊరి జంతువులకు భక్తి ఎక్కువ అనుకున్నాను.

నీ కుక్క వయసెంత, నీళ్ళు ఎక్కువగా తాగుతోందా, మాటిమాటికీ బయటికి పోతోందా, వివరంగా రాయి. చూడకుండా మందు చెప్పడం నాకు చేతకాదు.

ఇట్లు, నీ తమ్ముడు,
జగన్నాథం


ఆళ్ళగడ్డ,
23 జూన్ 1979

పూజ్యురాలైన శారదక్కకు,

తమ్ముడి నమస్కారాలు. వాన రెండు మాట్లు మొహం చూపించి పోయింది. నీ మరదలు పెట్టిన ఊరగాయ జాడీ ఒకటి మద్దిలేటి బస్సులో పంపిస్తున్నాను. మద్దిలేటి మా ఊరి కండక్టరు, నమ్మకస్తుడు.

నీ జవాబు చదివి చాలాసేపు నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. కుక్క రోజంతా చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతోందన్నావు, మాటిమాటికీ పెరట్లోకి పోతోందన్నావు. బాగానే ఉంది. "దానికి అరికాళ్ళు మంటలు పుడతాండాయి" అన్నావు. ఆ మాట కుక్క నీతో ఎట్లా చెప్పింది? "సూదిలో దారం ఎక్కల్యా" అని రాసి కొట్టేశావు. కొట్టేసినా కనబడుతోందక్కా, నీ చేతిరాత అంత గట్టిది. మొన్న ఏకాదశికి రామాలయం భజనలో కుక్క చేతిలోంచి తాళాలు జారిపడ్డాయట, అది స్తంభం పట్టుకుని కూర్చుందట. తాళాలు వేసే కుక్కను నా ఉద్యోగంలో ఇంతవరకూ చూడలేదు.

సరే, కుక్కే. నేనేమీ అడగను. డాక్టరు పేరెత్తితే నువ్వు ఉత్తరాలు మానేస్తావని నా భయం. "ఆసుపత్రి మెట్లెక్కినోళ్ళు దిగిరారు" అని నువ్వు పట్టిన పట్టు నాకు తెలియనిది కాదు. పశువుల డాక్టరుకైనా చెప్పుకున్నావు, అదే పదివేలు.

ఒక పని చెయ్యి. పొద్దున కుక్క లేవగానే పోసే మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టి, బిరడా బిగించి మద్దిలేటికివ్వు. కుక్క చేత సీసాలో ఎట్లా పోయించాలని అడగకు, నీ కుక్క మాట వింటుంది. అందాకా దానికి బెల్లం, చక్కెర, అరటిపళ్ళు మానిపించు. ఏకాదశి నాడు పొద్దుటి నుంచీ పచ్చి గంగ ముట్టకుండా, సాయంత్రం గుడిలో చెంబెడు పానకం ఎత్తే కుక్కలు కొన్ని ఉంటాయి. వాటిని నేను నాలుగు తిట్టానని చెప్పు.

ఇట్లు, నీ తమ్ముడు,
జగన్నాథం


ఆళ్ళగడ్డ,
29 జూన్ 1979

పూజ్యురాలైన శారదక్కకు,

నమస్కారాలు. సీసా అందింది. ఇందులో ఏముందని బస్సులో ఎవరో అడిగితే, మద్దిలేటి "డాక్టరు సారుకు నంద్యాల తేనె" అన్నాడట. దారిలో ఎవరూ రుచి చూడనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

దాన్ని నీలం మందులో వేసి కాచాను. ఇటుకరాయి రంగుకు తిరిగింది. నీ కుక్కకు చక్కెర జబ్బుందక్కా. భయపడకు. ఈ జబ్బుతో ఏళ్ళ తరబడి హాయిగా తిరిగే కుక్కలున్నాయి, చెప్పినట్టు వినేవైతే. దీని వైద్యం నా చేతిలో లేదు. మీ ఊళ్ళోనే గోదాదేవి అని ఆడ డాక్టరుంది, అహోబిలంలోని నా స్నేహితుని కూతురు. నువ్వు మెట్లెక్కే పని లేదు, కుక్కను చూడడానికి తనే ఇంటికి వస్తుంది. నవ్వకుండా చూస్తానని మాటిచ్చింది.

ఇక అసలు సంగతి. మాత్రలు మొదలుపెట్టాక ఒక పూట కూడా పస్తు పనికిరాదు. మాత్ర వేసుకుని కడుపు మాడ్చుకుంటే ఆ కుక్క భజనలో కాదు, ఎక్కడో మెట్ల మీద పడుతుంది, లేవదు. వచ్చేది తొలి ఏకాదశి. "ఇన్నేండ్లుగా ముద్ద ముట్టని కుక్క, ఇప్పుడు తింటే ఉమామహేశ్వరమ్మ ఏమనుకుంటాది" అని నువ్వు రాస్తావని నాకు ముందే తెలుసు. భజనకు నువ్వు పెద్ద, నీ తర్వాత ఆమె. ఆమె ముందర తల వంచడం కన్నా ప్రాణం పోయినా మేలనుకునే రకం నీ కుక్క.

అందుకే నా మాట మీద నడవమనడం లేదు. అహోబిలం కృష్ణస్వామి గారి ఆవును చూడడానికి పోయినప్పుడు ఆయన్నే అడిగాను. అంత శాస్త్రం చదివిన మనిషి "కుక్కకు ఏకాదశేందప్పా?" అన్నాడు. కాసేపు నా మొహం చూసి, ఆ కుక్కకు మనవళ్ళున్నారా అని అడిగాడు. ఉన్నారన్నాను. ముసలితనం, రోగం ఉన్నవాళ్ళకు ఉపవాసం లేదనీ, తిని నామం చెప్పుకుంటే చాలనీ, కావాలంటే ఆ మాట తనే వచ్చి చెబుతాననీ అన్నాడు.

అక్కా, నాకు ఆ కుక్క కావాలి. అమ్మ పోయినప్పుడు నాకు లాగు బొందు కట్టుకోవడం కూడా రాదు. ఏకాదశి నాడు తను పస్తుండి, జొన్నరొట్టెలో వెన్న పెట్టి నా చేతికిచ్చి బడికి తోలింది అదే. పిల్లవాడిని కూడా ఉపవాసముంచమని నాయన అంటే "బిడ్డకు ఉపాసమేందీ" అని ఎదురు తిరిగింది. నాయనకు ఎదురుచెప్పిన ప్రాణి మన ఇంట్లో అదొక్కటే. ఆ మాటే ఇప్పుడు నేను దానికి తిప్పి చెబుతున్నాను. ఎక్కడినుంచి ఎక్కడికో పోయాను, కుక్క సంగతి కదా రాస్తున్నది. ఏకాదశి పొద్దున అది ఒక రొట్టె, గ్లాసు మజ్జిగ తీసుకోవాలి, అంతే.

ఇట్లు, నీ తమ్ముడు,
జగన్నాథం


ఆళ్ళగడ్డ,
12 జులై 1979

పూజ్యురాలైన శారదక్కకు,

తమ్ముడి నమస్కారాలు, ఈసారి ఎగిరి గంతేసి మరీ. తొలి ఏకాదశి నాడు నీ కుక్క జొన్నరొట్టె తిన్నదని, తల తిరగలేదని, భజన చివరిదాకా తాళం తప్పలేదని చదివి, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళందరికీ టీ తెప్పించాను. ఎందుకు సారూ అంటే మా అక్క కుక్క రొట్టె తినిందన్నాను. వాళ్ళు నన్ను చూసిన చూపు చూడాల్సింది. శాంతకుమారి రొట్టెలు చేసి, "కుక్కకు, అత్తా" అని సామాన్ల గదిలో పెట్టి, తలుపు దగ్గరగా వేసి పోయిందని రాశావు. ఆ పిల్ల నీకన్నా నాకన్నా తెలివైనది.

అయితే ఉత్తరం కింది సగం నాకు నచ్చలేదు. కుక్కకు అన్నం పెట్టాలని భజన మధ్యలో లేచి ఇంటికి పోయి వచ్చావట. "ఆ కుక్కను మేమూ జూడాల గదా" అని ఉమామహేశ్వరమ్మ అన్నదట. ఇంట్లో కుక్క లేదని బయటపడుతుందని, "తిన్న నోటితో తాళాలు ఎట్ల పట్టేది" అని భజనే మానుకుంటానంటున్నావు. తాళాలు మానేస్తే నీకు మిగిలేది మంచమే. అది నేను ఒప్పుకోను.

కుక్క లేకపోతే కదా బయటపడేది? మా ఆసుపత్రిలో పనిచేసే ఏసయ్య ఇంట్లో కుక్క ఈనింది. పాలు మానిన పిల్లను ఒకదాన్ని ఎంచాను. ఎర్రది, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది. ఆదివారం మద్దిలేటి గంపలో తెస్తాడు. రెండు చేతుల్లో పట్టేంత ఉంది, రోలు ఎక్కాల్సిన పని లేదు.

కొత్త చోటికి వచ్చిందని మొదట్లో ఏడుస్తుంది. నీ పాత చీర గంపలో పరిచి, నీ మంచం దగ్గరే పెట్టుకో. ఉత్త పాలు పోయకు, కడుపు జారుతుంది. సంగటి మెత్తగా పిసికి, ఉడికిన పెసరపప్పు, మజ్జిగ కలిపి కొంచెం కొంచెంగా పెట్టు. పురుగుల మందు నేను పోశాను, మళ్ళీ ఎప్పుడు పోయాలో రాస్తాను. పిచ్చికుక్క జబ్బు రాకుండా వేసే సూది నెల తిరగగానే మీ ఊరి పశువుల ఆసుపత్రిలో వేయించు, మరిచిపోవద్దు. ఇంట్లో మూత్రం పోస్తే కొట్టకు, ముక్కు నేలకు రాయకు. తినగానే, నిద్ర లేవగానే పెరట్లోకి తీసుకుపో, అదే నేర్చుకుంటుంది. పాండురంగడి చెప్పులు కొరుకుతుంది. దానికి పళ్ళు వచ్చే వయసు. చెప్పులు ఎత్తిపెట్టి, గోనెతాడు ముడివేసి ఇవ్వండి. మీదికి ఎగిరితే అరవకు, పట్టించుకోకుండా అటు తిరిగి నిలబడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, దాన్ని పొద్దునా సాయంత్రమూ గాంధీచౌక్ దాకా నడిపించాలి. పాండురంగడికి కొట్టు ఉంటుంది, కోడలికి ఇల్లు ఉంటుంది, కాబట్టి నువ్వే. ఇది గోదాదేవి కూడా గట్టిగా చెప్పమంది. కుక్కకు మంచిదట! ఏకాదశి నాడు దానికి పస్తు పెట్టావని తెలిసిందో, బస్సెక్కి వస్తాను. ఆ వయసు పిల్ల ఒంటరిగా తినదు. పక్కన ఒకరు కూర్చుని తింటూ ఉండాలి.

పేరు నువ్వే పెట్టు. శాంతకుమారికి, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు, వెన్న పెట్టిన రొట్టె రుచి మరవని నీ తమ్ముడు,
జగన్నాథం

తా.క.: ఇక దాపరికం వద్దు. తల తిరిగే కుక్క నువ్వేనని నీ మొదటి ఉత్తరంలోనే నాకు తెలిసిపోయింది. ఎట్లాగంటావా? ఏకాదశి నాడు కళ్ళు తిరిగే ఆ నంద్యాల పిల్లికి నేను రెండేళ్ళుగా సలహాలు రాస్తున్నాను. నిన్న ఆ పిల్లిగలామె అహోబిలం పోతూ మా ఆసుపత్రి దగ్గర దిగింది. మా అక్క కుక్కకూ ఇదే జబ్బు, నీ పిల్లి సంగతి దానికి చెప్పనా అని అడిగాను. "మీ అక్క ఇంట్లో కుక్కేందప్పా, కుక్కను జూస్తే ఈది మారే మనిషి!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత చెప్పమంది. ఆమె ఇంట్లోనూ పిల్లి లేదక్కా. ఆమె ఉమామహేశ్వరమ్మ. ఈ రెండేళ్ళూ ఏకాదశి పొద్దున తలుపేసుకుని ఉగ్గాని తింటూ, నీకు తెలిస్తే తల ఎత్తుకోలేనని వణికిపోయింది. వచ్చే ఏకాదశికి భజన మధ్యలో తన పిల్లిని మీ సామాన్ల గదికి తోలుకొస్తుందట, శాంతకుమారిని ఇంకో రొట్టె చేయమంది. మిరపకాయ బజ్జీలు తెస్తానంటే వద్దన్నాను. తెస్తే నాకు రాయి.