కామాక్షమ్మ వడ్డాణం

సెప్టెంబర్ 6

దసరా హోర్డింగులకు మా నగల షాపు మోడల్‌ని నేనేనట. యోగేష్ నిర్ణయం. పెళ్లయినప్పటి నుంచి నా ముఖం వంక సరిగ్గా చూడని మనిషికి, నేను వాళ్ల కామాక్షమ్మలా ఉంటానని ఇప్పుడు తెలిసింది. హాల్లో పటంలో ఉన్నది ఆవిడే. నూటేభై ఏళ్ల కిందటి ధాత కరువులో ప్రొద్దుటూరుకంతా గంజి పోసిన మహాతల్లి, ఈ ఇంటి కోడళ్లలో అందరికన్నా అందగత్తె. నడుముకు ఆ బిళ్లల వడ్డాణం. అదే పెట్టుకుని నేను నిలబడాలి. కింద ‘కరువులో ఆదుకున్న ఇల్లు’ అని వేస్తారట.

నిజం చెప్పాలంటే సంతోషంగానే ఉంది.

సెప్టెంబర్ 9, మధ్యాహ్నం

వడ్డాణం లాకర్ నుంచి వచ్చింది. వెనక లైనింగ్ ముఖమల్ చివికిపోయింది. పెళ్లిలో ఇది నడుముకు గుచ్చుకుంటుంటే పాలిష్ సరిగా లేదనుకున్నాను. కొత్త గుడ్డ వేద్దామని బ్లేడుతో కుట్లు విప్పాను.

లోపలంతా తాళిబొట్లు.

చిన్నవి, కాగితమంత పల్చనివి, సన్న తీగతో వరసగా కట్టేసి ఉన్నాయి. ఒకదానికి పసుపుతాడు పోగు ఇంకా చుట్టుకునే ఉంది.

సాయంత్రం

యోగేష్ నాయనమ్మ శేషమ్మవ్వను అడిగాను. వక్క నములుతూనే చెప్పింది. ఊరికే గంజి యాడ పోస్తారమ్మీ, తాళిబొట్టు తెంపి ఇచ్చినోళ్లకే కామాక్షమ్మ ముంత నింపిందంట అంది. పులివెందుల నుంచి, జమ్మలమడుగు నుంచి నడిచొచ్చి ఇచ్చినారంట. మరి కరిగించలేదేం అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఒకరి తాళి కరిగిస్తే మన తాళికి శానా చేటు, ఈ ఇంట్లో ఎవురూ ఆ పని చెయ్యరు అంది.

తీసుకోవడానికి పాపం అడ్డు రాలేదు, కరిగించడానికి వచ్చింది. ఒళ్లు మండిపోయింది.

అవ్వకు మొదటి నుంచీ తెలుసు. తన పెళ్లిలో ఆమెకూ గుచ్చుకుందట.

సెప్టెంబర్ 10

యోగేష్‌కి చూపించాను. లైనింగ్ కుట్టేయ్, ఎవురికీ చెప్పొద్దు అన్నాడు. కాఫీ అడిగాడు.

సెప్టెంబర్ 14

షూటింగ్. గుడ్డ కుట్టకుండానే వడ్డాణం తిప్పి పెట్టుకున్నాను, బొట్లు బయటికి. ఫొటోగ్రాఫర్ యాంటిక్ డిజైన్ అనుకుని మురిసిపోయాడు. యోగేష్ వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇంటికొచ్చాక, మన అన్నంలో మన్ను పోస్తాండావు అన్నాడు. అయినా చెప్పాను, వేస్తే ఈ ఫొటోనే వేయి, లేకపోతే నా ముఖం వద్దు అని.

సెప్టెంబర్ 16

ఆ ఫొటోనే వేస్తానన్నాడు. నమ్మలేకపోతున్నాను. రాత్రి అన్నం తినేటప్పుడు మొదటిసారి ఆయన మీద జాలిలాంటిది, ఇష్టంలాంటిది కలిగింది.

అక్టోబర్ 2

జమ్మలమడుగు బస్టాండు. తలెత్తితే ఆకాశమంత నేను. వడ్డాణం నున్నగా ఉంది. యోగేష్ కంప్యూటర్లో బొట్లన్నీ తుడిపించేశాడు. తుడిచినవాడు ఎక్కడ ఆపాలో తెలియక నా మెడలోని తాళిబొట్లు కూడా తుడిచేశాడు.

పట్టుచీర, తలనిండా పూలు, బోసి మెడ. పక్కనే ‘కరువులో ఆదుకున్న ఇల్లు’.

పులివెందులలోనూ ఇదే పెట్టారట. యోగేష్ ఇంకా చూడలేదు. నేను చెప్పలేదు.