వరుసలో పెట్టిన సర్టిఫికెట్లు

గద్వాల,
తేది: 18-9-1989

పి.జి. ప్రవేశాల డైరెక్టర్ గారి సముఖమునకు,
హైదరాబాదు.

అయ్యా,

విషయం: ఎం.ఏ. ఎకనామిక్స్ గాని, ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ గాని, ఏదో ఒక సీటు ఇప్పించుట గురించి.

గద్వాల వాస్తవ్యుడు, చేనేత కార్మికుడు రామచంద్రయ్య కుమార్తె అమృతమ్మ సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. నాకు రెండు ప్రవేశ పరీక్షలలోనూ ర్యాంకు వచ్చినది. ఏది చదవాలో నెల రోజులు తేల్చుకోలేకపోతిని. మేము నేసే చీర మా ఇంట్లో ఎవరూ ఎందుకు కట్టరో ఎకనామిక్స్‌లో తెలుస్తుందని ఆశ. ఆ సంగతి ఎవరిని నిలదీయాలో పొలిటికల్ సైన్స్‌లో ఉంటుందని ఇంకో ఆశ. మనసు మాత్రం ఎకనామిక్స్ వైపే లాగినది.

2. ఎకనామిక్స్ కౌన్సెలింగ్ ఆగస్టు 30న, పొలిటికల్ సైన్స్‌ది 31న పెట్టినారు. మా మగ్గానికి అటొకరు ఇటొకరు కూర్చుంటేనే పని. అమ్మ పోయిన నాటి నుండి రెండవ మనిషిని నేనే. 31 అమావాస్య, ఆ రోజు మావాళ్లు మగ్గం ముట్టరు. "అమాస నాడు పో బిడ్డా. ముందురోజు గూడ పోతనంటే చీర ఎప్పటికైతది?" అన్నాడు నాన్న. ఆయన తప్పేమీ లేదు.

3. మా చేనేత సంఘంలో నూలు ఇచ్చేనాడు మనిషి రాలేకపోతే పాసుబుక్కు వరుసలో పెడితే చాలు, మనిషి నిలబడినట్టే. యూనివర్సిటీలోనూ అంతే అనుకుంటిని. 30న చీరలు తీసుకొని హైదరాబాదు వస్తున్న మా మేనమామ కురుమూర్తి చేతికి నా అసలు సర్టిఫికెట్లన్నీ ఇచ్చితిని. ఆయన వాటిని ఎకనామిక్స్ వరుసలో నేల మీద పెట్టి, చీరలు ఇచ్చి రావడానికి వెళ్లినాడు. తిరిగి వచ్చేసరికి నా పేరుకు ఎదురుగా గైరుహాజరు రాసి, సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసినారు. "మనిషి లేకుంట కాయితాలకు సీటియ్యమంటవా పెద్దమనిషీ? ఆమెనే రమ్మను" అన్నారట గుమాస్తా గారు.

4. 31న నేనే వచ్చితిని. తాళంచెవి గుమాస్తా గారి వద్ద, గుమాస్తా గారు సెలవులో. అసలు సర్టిఫికెట్లు లేవని పొలిటికల్ సైన్స్ వారు నా తర్వాతి పేరు పిలిచినారు. ఎకనామిక్స్‌కు మనిషిని లేను, పొలిటికల్ సైన్స్‌కు కాగితాలు లేవు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కార్యాలయం మెట్ల మీదనే కూర్చొని ఏడ్చినాను. సర్టిఫికెట్లు తర్వాత పోస్టులో వచ్చినవి, ఒక్కటీ పోలేదు.

5. సీట్లు నిండినవని తమ కార్యాలయం వారు కార్డు కూడా రాసినారు. అయినను ఎవరైనా చేరక మిగిలిన సీటు ఉంటే, ఏ సబ్జెక్టు అని నేను అడగను.

నా తెలివితక్కువతనమును మన్నించి, పై సంగతులు దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఆర్. అమృతమ్మ

తా.క.: సార్, నాన్నకు నేను నిజం చెప్పలేదు. బస్సు దిగుతుండగానే "దొరికిందా బిడ్డా?" అన్నాడు. ఆ ముఖం చూసి దొరికిందన్నాను. ఇక రెండో మనిషి ఉండదని మొన్న మా మగ్గం విప్పేసినాడు. ఇప్పుడు లింగయ్య గారి మగ్గానికి తానే రెండో మనిషిగా పోతున్నాడు. వాడకట్టంతా చెప్పుకున్నాడు. ఏం చదువని వాళ్లడిగితే నన్ను అడుగుతున్నాడు: "ఆ రెండిట్ల ఏది బిడ్డా?" సీటు లేకపోతే పోనీ సార్. ఏదని చెప్పాలో, ఆ ఒక్క మాటైనా కార్డు మీద రాసి పంపండి.