ఆడపడుచు తొడ, నా తొడ

జులై 9, బుధవారం. ఇడ్లీ పిండి రుబ్బాను, దుప్పట్లు ఉతికాను. ఉలవలు ఏరడం సాయంత్రం దాకా మిగిలిపోయింది. ఆడపడుచు వరలక్ష్మిని విజయనగరం స్కానింగుకు తీసుకెళ్లడంతోనే పొద్దుపోయింది.

కండరాల వాపు జబ్బు వచ్చాక తను చేతులెత్తి జడ వేసుకోలేకపోతోంది, పీట మీంచి లేవలేకపోతోంది. మందులు వాడినా బలం రాలేదు. కండలో ఇంకా వాపుంటే మందు మార్చి తగ్గించవచ్చట. కండ కొవ్వుగా మారిపోతే మాత్రం తిరిగి రాదట.

డాక్టరమ్మ వరలక్ష్మి తొడకి జెల్ రాసి స్కాన్ చేస్తుంటే, తెర మీద ఏది ఏమిటో తెలియక, మంచి కండ ఎలా ఉంటుందని అడిగాను. డాక్టరమ్మ నవ్వి నా తొడకీ జెల్ రాసింది. నాది నల్లగా, సన్నని తెల్ల గీతలతో ఉంది. వరలక్ష్మిది మంచు పట్టినట్టుంది.

"నీది వంకాయలాగ నిగనిగలాడతన్నాది వదినా, నాకు అరువియ్యి!" అంది. నవ్వుతూనే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ మంచులో ఎర్రని చుక్కలు మిణుకుమన్నాయి. అక్కడ రక్తం ఎక్కువగా పారుతోందట.

"వాపే ఎక్కువమ్మా, కండ ఇంకా ఉంది" అంది డాక్టరమ్మ. ఎంత బలం తిరిగొస్తుందో మాత్రం చెప్పలేదు. రేపటి నుంచి కొత్త మందు.

ఇంటికి రాగానే వరలక్ష్మి, "వేళ్లు బాగానే ఉన్నాయి గదా, ఆ ఉలవల సేట ఇలాగియ్యి. నీ తొడ బాకీ తీర్సెస్తాను" అంది.

ఉలవల్లో ఒక్క రాయి మిగల్లేదు. బాకీ చెల్లు.