మాస్టారి వెనక ఏడుగురు

ఫిబ్రవరి 3
చెల్లెలు ప్రసన్న కూతురు లియాకి హిస్టరీ క్లాసులో ప్రాజెక్టు. అరవైల మొదట్లో హైస్కూల్లో చదివిన ఒకరిని ఇంటర్వ్యూ చేయాలి. అప్పుడు స్కూల్లో ఏమేం మారాయో రాయాలి. మిగతా పిల్లలు వీధిలో తాతల కోసం వెతుకుతున్నారట. మాకు ఇంట్లోనే అమ్మ ఉంది.
ఈ దేశంలోనే పుట్టి పెరిగిన లియా తెలుగు అమ్మమ్మకి అందదు. అమ్మమ్మ తెలుగు లియాకి అందదు. మధ్యలో నేను. ఎప్పటిలాగే.

ఫిబ్రవరి 7
డైనింగ్ టేబుల్ దగ్గర ముగ్గురం. నేను చెప్పింది చెప్పినట్టు లియా లాప్‌టాప్‌లో కొట్టుకుంటోంది. ప్రసన్న కూతురి కోసం పకోడీలు వేసి ఆఫీస్ కాల్‌కి పైకి వెళ్ళింది.
అమ్మకి బడిగొంతు వచ్చేసింది... ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన గొంతు.
బోర్డు హైస్కూలు పేరు చెరిపి జిల్లా పరిషత్ హైస్కూలని రాసిన రోజులు. అంతకుముందు ఆడపిల్లలు ఇద్దరే. అమ్మ పదో తరగతికి వచ్చేసరికి ఏడుగురు. గంట కొట్టగానే క్లాసులోకి పోకూడదు. వేరే గదిలో నిలబడాలి. మాస్టారు వచ్చాక ఆయన వెనక వరసగా వెళ్ళి ముందు బెంచీలో కూర్చోవాలి. పాఠం అయ్యాక మళ్ళీ ఆయన వెనకే బయటికి.
"లైక్... బాడీగార్డ్?" అంది లియా.
"బాడీగార్డు కాదే. కోడిపెట్ట!"
అమ్మ నవ్వింది. తర్వాత నవ్వలేదు.

ఒకరోజు లెక్కల మాస్టారు వచ్చేసరికి నల్లబల్ల మీద బొమ్మ. కళ్ళజోడు పెట్టుకున్న కోడిపెట్ట, వెనక రెండేసి జడలతో ఏడు పిల్లలు. మగపిల్లలు బల్లలు చరిచి నవ్వారట. మాస్టారు ఆ పూట పాఠం చెప్పలేదు. మధ్యాహ్నం సెలవులో ఆ గదిలోకి వెళ్ళింది ఆడపిల్లేనని ఎవరో చెబితే, హెడ్మాస్టరు ఏడుగురినీ తన గదిలోకి పిలిచాడు. ఆయన అమ్మకి మేనమామ.
"ఎవరే వేసింది, అన్నాడు. విమల, అన్నాను." అమ్మ చూపు టేబుల్ మీద నుంచి లేవలేదు. "వేసింది నేనే. విమల బొమ్మలు బాగా వేస్తుంది, నమ్ముతారని... హాస్టల్ పిల్ల. అడగడానికి ఎవరూ రారని."
మర్నాడే విమల చేతిలో టీసీ పెట్టారు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. మిగిలిన ఆరుగురూ మాస్టారి వెనక క్లాసులోకి.
ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదు ఇది.
లియా వేళ్ళు ఆగి ఉన్నాయి. "పెద్దమ్మా? అమ్మమ్మ ఏం చెప్పింది?"
చెప్పాను — ఎవరో బొమ్మ వేశారు, అందరూ నవ్వారు. విమల అని ఒక స్నేహితురాలు. వాళ్ళ నాన్నకి బదిలీ అయి వెళ్ళిపోయింది. అమ్మమ్మకి ఇప్పటికీ గుర్తొస్తుంది.
"ఆ... సో స్వీట్," అంది. కొట్టుకుంది.
అమ్మ అప్పటికే చెవి మిషన్ తీసి టేబుల్ మీద పెట్టేసింది. నేను మార్చి చెప్పింది వినలేదు.

ఫిబ్రవరి 8
చర్చిలో మోకరించాను. నోట్లో విమల పేరు ఒక్కటే.

ఫిబ్రవరి 10
"పిల్ల రాసుకుందా అంతా?"
"రాసుకుందమ్మా."
"ఏమంది?"
"ఏమీ అనలేదు."
అమ్మ మూడు రోజులుగా లియా ముఖం చూడటం లేదు. కంచం గదికే తెమ్మంటోంది.

ఫిబ్రవరి 12
మంచు వాన. స్కూలు రెండు గంటలు ఆలస్యం. వెళ్తూ వెళ్తూ లియా అమ్మమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టింది. రోజూ పెట్టేదే.
అమ్మ గుమ్మంలో చాలాసేపు నిలబడింది. చలి లోపలికి వస్తోంది, తలుపు వెయ్యనివ్వదు.
"అంతా తెలిసి కూడా ముద్దు పెట్టిందే," అంది.
మధ్యాహ్నం అన్నం టేబుల్ దగ్గరే తింది. మారు వడ్డించుకుంది.
ఏం చేశాను నేను?

ఫిబ్రవరి 13
చెప్పాలి.

ఫిబ్రవరి 15
చెప్పలేదు. ప్రార్థనకి కూర్చుని లేచిపోతున్నాను.

ఫిబ్రవరి 20
లియా ప్రాజెక్టు సెలెక్ట్ అయిందట. వచ్చే శనివారం ఉదయం స్కూలు లైబ్రరీలో అందరి ముందూ చదవాలి. అమ్మమ్మనీ తీసుకురమ్మన్నారు.
ప్రసన్న ఎంత సంబరపడిందో. "అక్కా, క్రెడిట్ అంతా నీదే. అమ్మ చెప్పేది నువ్వు ఎంత చక్కగా చెప్తావో!"

ఫిబ్రవరి 24
లియా ప్రింటు తీసి ఫ్రిజ్‌కి అంటించింది. స్నానం చేసి వచ్చేసరికి అమ్మ కుర్చీలో, ఒళ్ళో ఆ కాగితం, చేతిలో భూతద్దం. తెలుగు పండిట్‌కి ఇంగ్లీషు రాదనుకున్నానా? మాట్లాడదు అంతే. కూడబలుక్కుని చదువుతుంది.
"బదిలీ ఎవరికే?"
నేను టవల్‌తో తల తుడుచుకుంటున్నాను.
"విమల వాళ్ళ నాన్న గొర్రెలు కాసేవాడు. గొర్రెల కాపరికి బదిలీ ఏంటే?"
"పిల్ల మార్కులమ్మా... నీ మీద దానికున్న గౌరవం..."
"నేనూ అందుకే అబద్ధమాడాను."
భూతద్దం పక్కన పెట్టింది. "అయితే ఆ ముద్దు..."
కాగితం నా చేతికిచ్చింది.
లియాకి ఇవాళే చెప్తానన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. "నువ్వు వద్దు. నువ్వు చెప్తే మళ్ళీ మెత్తగా చెప్తావు."

ఫిబ్రవరి 28
లియా బాగా చదివింది. చప్పట్లు. టీచర్ అమ్మ దగ్గరికి వచ్చి ఏమైనా చెప్తారా అని అడిగింది, నన్ను చూస్తూ. నేను లేవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. తనే లేచింది. కుర్చీ వీపు పట్టుకుని, క్లాసులో నిలబడినట్టే.
"ఐ డ్రూ ది హెన్. నాట్ విమల. ఐ టోల్డ్ లై. షి లాస్ట్ స్కూల్. ఐ బికేమ్ టీచర్."
కూర్చుంది.
ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టీచర్ థాంక్యూ అంది, రెండుసార్లు. లియా అమ్మమ్మని చూడలేదు. నన్ను చూసింది.
కార్లో ప్రసన్న — "ఏంటమ్మా, అందరి ముందూ... అక్కా, ఏంటిది?" లియా కిటికీ వైపు తిరిగింది.

ఇంటికి వచ్చాక లియా నా గది గుమ్మంలో.
"పెద్దమ్మా, నీకు తెలుసా? ఆ రోజే?"
"తెలుసు."
"నువ్వు మార్చావ్."
"అవును."
ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.
"ఇంకేం మార్చావ్?"

మార్చి 3
లియా స్కూల్‌కి గరాజ్ తలుపులోంచి వెళ్తోంది. అమ్మ మాత్రం రోజూ ఏడింటికి వీధిగుమ్మంలో నిలబడుతుంది. కూర్చోమంటే కూర్చోదు.
"రానీ, రాకపోనీ. ఇప్పుడు తెలుసు కదా దానికి."

మార్చి 4
గుర్తుకొస్తున్నాయి. ప్రసన్న వంట నోట పెట్టలేమని అమ్మ అంటే, అలవాటు లేక తినడం లేదన్నాను. ఈ పిల్లకి మనమంటే లెక్కలేదని అమ్మ అంటే, అమ్మమ్మ నిన్ను మిస్ అవుతోందే అన్నాను. చిన్నవి. అన్నీ చిన్నవేనా?
మోకాళ్ళ మీద ఉన్నంతసేపూ ఇవే. ఆమెన్ అనలేకపోయాను.

మార్చి 5
పొద్దున వంటింట్లో ప్రసన్న. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని ఉంది. తాగడం లేదు.
"లియా అడిగిందట నిన్ను, ఇంకేం మార్చావని."
"ఊఁ."
"మేం ఇక్కడ రిజిస్టర్ పెళ్ళి చేసుకుని ఫోటోలు పంపినప్పుడు... అమ్మ ఫోన్‌కి రాలేదు. నువ్వే మాట్లాడావు. చల్లగా ఉండమని దీవించిందన్నావు. ఆ ఒక్క మాట పట్టుకుని బతికానక్కా ఇక్కడ." గొంతు తగ్గించింది. పక్కగదిలో అమ్మ. "అమ్మ నిజంగా ఏమంది?"
పాలు పొంగుతున్నాయంటూ లేచాను.
స్టవ్ మీద గిన్నె కూడా లేదు. తనూ చూసింది.