అక్క వైపు ముడులు

ఏలూరు, జూలై 2006, శుక్రవారం.

నిద్ర రావడం లేదు. అక్క రొమ్ములో గడ్డ తొందరగా పెరిగే రకం క్యాన్సరని, సోమవారమే కీమో మొదలుపెట్టాలని నిన్న విజయవాడలో డాక్టరుగారు చెప్పారు. అక్కేమో ఈ రోజు పొద్దున్నే వచ్చి తివాచీ మగ్గం ముందు కూర్చుంది.

ఎప్పటిలాగే ఆ సగం తనది, ఈ సగం నాది. ఇద్దరి ముడులూ పూర్తయితేనే వరుసని దువ్వెనతో కొట్టి బిగించాలి. ఇన్నేళ్ళూ తనే నా కోసం ఆగేది. ఈ రోజు నేనే ముందు ముగించాను. ఊరుకోలేక చెయ్యి చాపి తన వైపు ముడి వేయబోయాను. చేతి మీద ఒక్కటేసింది.

"నా వైపు నేను వేసుకుంటానే. జబ్బు రొమ్ముకి గానీ నా వేళ్ళకి కాదుగా!"

నవ్వాను. ఎందుకు నవ్వానో.

నిన్న తను బరువు చూసుకోవడానికి పక్కగదికి వెళ్ళినప్పుడు, పని చేసుకోవచ్చాండీ అని డాక్టరుగారిని అడిగాను. "చేసుకోవచ్చమ్మా. కానీ ఈ మందుతో కొందరికి వేళ్ళు మొద్దుబారతాయి. ఆవిడకి చెప్పండి" అన్నారు. హనుమాన్ జంక్షన్ దగ్గర చెబుదామనుకున్నాను. బస్సు ఏలూరు చేరిపోయింది.

సోమవారం లోపు చెప్పాలి. ఎలా?

సాయంత్రం లేచే ముందు అక్క, వీధిలోకి చూస్తూనే, నా ముడుల మీద వేళ్ళు పోనిచ్చింది. ఒక చోట ఆగింది.

"ఇది వదులుగా ఉంది. విప్పి మళ్ళీ వెయ్యి."